పుట్టువెంట్రుకలకు ముందు బిడ్డ ఒంటి సంగతి

అమ్మా సుజాతా,

పదకొండో నెలలో తిరుమలలో బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. భలే సంతోషం. ఆ వెంటనే గుబులు కూడా, ఎగ్జిమాతో కందిన ఆ చెంపలు, పొలుసులు కట్టిన మాడు తలుచుకుని.

కల్యాణకట్టకు వెళ్లేనాటికి తలమీద రసి కారుతున్నా, పచ్చటి పక్కులు కట్టినా ముహూర్తం మార్చుకో. స్వామి ఎక్కడికీ పోడు. పొడి పొలుసులే అయితే ముందురాత్రి కొబ్బరినూనెతో నాననిచ్చి, పొద్దున మెత్తటి దువ్వెనతో తీయి. గోటితో గిల్లొద్దు. గుండుకు గంధం దండిగా పూయనియ్యకు, ఆరి బిగిస్తే దురద ఎక్కువౌతుంది.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల లోపే. నలుగుపిండితో రుద్దొద్దు, మీ అత్తకు నా మాటగా చెప్పు. తుండుతో అద్ది, ఒళ్లు చెమ్మగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయి, లేదా పెట్రోలియం జెల్లీ. చర్మం బాగున్న రోజుల్లోనూ మానకు.

నా భయమంతా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు గురించే. చాలావాటిలో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి అందరూ నమ్ముతారు. ఆపితే తిరగబెడుతుంది, మళ్లీ పూస్తారు. అట్లా నెలలు గడిస్తే చెంపల చర్మం పలచబడి సన్నటి ఎర్రనరాలు తేలతాయి. పసిబిడ్డకైతే మందు ఒంట్లోకి ఇంకి ఎదుగుదలే దెబ్బతినొచ్చు. ఇది విని బెదిరినవాళ్లు డాక్టర్ రాసిచ్చిన హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్‌ను కూడా రవ్వంత అద్ది మర్నాడే ఆపేస్తారు. మంట లోపల ఆరదు, గోకుడు ఆగదు. నువ్వు అట్లా చెయ్యకు తల్లీ. నీ చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు పిండితే అర గ్రాము వస్తుంది. అది వేళ్లతో సహా నీ రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఈ వయసు బిడ్డకు ముఖం, మెడ కలిపి అంతే చాలు. చెప్పినన్ని రోజులూ పుయ్యి. మాయిశ్చరైజర్‌కూ దీనికీ మధ్య అరగంట ఎడం ఉంచు.

గుడ్డు, పాలు నీ అంతట నువ్వు మాన్పించకు. గోళ్లు పొట్టిగా ఉంచు. ఇంట్లో అందరికీ రాత్రిపూట దురద పుడితే అది గజ్జి కావచ్చు, అప్పుడు మందు అందరికీ కావాలి.

జ్వరంతో పాటు గుచ్చినట్టు గుంతలు పడ్డ పొక్కులు గుంపుగా లేచి, బిడ్డ నొప్పితో ఏడుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపో. నాకు తర్వాత చెప్పినా ఫర్వాలేదు.

నీ పెద్దమ్మ