పెట్టెలో ఏం పెట్టుకోవాలంటే

కావలి

అబ్బయ్యా,

జర్మనీ వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, చాలా సంతోషం. కందుకూరులో మీ అమ్మ అప్పుడే బియ్యం, కందిపప్పు మూటలు కడుతోందట. ఆ మూటలు విప్పేయమను. వదిన కోప్పడితే నా పేరు చెప్పు. మీ బావ దగ్గర ఉన్నన్నాళ్లూ చూశాను, బియ్యం, పప్పు, చింతపండు అక్కడి తమిళుల అంగళ్లలో, టర్కీవాళ్ల అంగళ్లలో దొరుకుతాయి. పెట్టెకి 23 కేజీలేగా ఇచ్చేది. అక్కడ దొరకనివాటికే ఆ బరువు వాడుకో.

ముందు మామిడి ఒరుగులు. చేపల పులుసు లేకుండా నువ్వు వారం ఉండలేవు. చేప అక్కడ ముల్లు తీసి, ముక్కలు కోసి ఫ్రీజర్లో అమ్ముతారు. పుల్ల మామిడికాయే కష్టం. గుప్పెడు ఒరుగులు వేడినీళ్లలో నానేసి, చింతపండు కాస్త తగ్గించి పులుసులో వెయ్యి. ముల్లు తీసిన ముక్క ఇట్టే చిదురుతుంది, అందుకని పులుసు బాగా కాగి నూనె తేలాక ఆఖర్లో వేసుకో. గరిటె పెట్టకు, దబర పట్టి తిప్పు. ఆ పూట ఆగి మర్నాడు తిను.

నెయ్యి, కోడి పచ్చడి, మాంసం పచ్చడి మాత్రం వద్దు. మాంసం, పాల సరుకులు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు, పట్టుకుంటే చెత్తబుట్టలోకే. చేపలకి, రొయ్యలకి ఆ పట్టింపు లేదు, మనిషికి 20 కేజీల దాకా తీసుకుపోవచ్చు. సముద్రం ఒడ్డువాళ్లం, మనకింకేం కావాలి! అలాగని ఎండుచేపలు పెట్టుకోకు, హాస్టల్ వంటగదిలో వేయిస్తే మిగతావాళ్లు నిన్ను వెళ్లగొడతారు. రొయ్యపొట్టు నేనే ఇక్కడ వేయించి కారప్పొడి కొట్టిస్తాను. పచ్చి కరివేపాకు కూడా రానివ్వరు, ఎండబెట్టి పొడి చేయమను. కురిడీ కొబ్బరైతే మద్రాసు విమానాశ్రయంలోనే తీసేస్తారు, నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకుంటుందని. పచ్చళ్లు బరువు తూచి లోపలికి పంపే పెట్టెలో, పవర్ బ్యాంకు చేతిసంచిలో. తారుమారైతే రెండూ పోతాయి.

కుక్కర్ చిన్నది, స్టీలుది, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేది కొను. ఉత్త అల్యూమినియందైతే ఇండక్షన్ పొయ్యి మీద వేడే ఎక్కదు. గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా పెట్టుకో. మన కంపెనీ కుక్కర్‌కి గాస్కెట్ కావాలని అక్కడ ఎవర్ని అడుగుతావు? కరెంటు మనలాగే 230 వోల్టులు, మిక్సీ తిరుగుతుంది. మన మూడు కాళ్ల ప్లగ్గు అక్కడి గోడలో దూరదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కో.

నవ్వకు, ఒక ప్లాస్టిక్ మగ్గు కూడా. అక్కడి బాత్రూముల్లో కాగితమే ఉంటుంది. మగ్గులో సాక్సులు కుక్కితే చోటు కూడా కలిసొస్తుంది. ఉదయగిరి చెక్క గరిటె ఒకటి, నాన్‌స్టిక్ మీద గీతలు పడవు. పలచటి తువ్వాళ్లు రెండు చాలు, గదిలో వేసినా ఆరిపోతాయి. స్వెట్టర్ల సంగతి మీ నాన్న చూసుకుంటాడులే.

దిగేది శనివారం రాత్రి అన్నావు. ఆదివారం అక్కడ అంగళ్లు మూతే, పెద్ద రైల్వేస్టేషన్లలో తప్ప. రెండు మూడు పూటలకి సరిపడా ఉప్మారవ్వ వేయించి, తాలింపు కలిపి, చేతికందేలా పైనే పెట్టుకో.

మద్రాసు పోతూ నెల్లూరులో మలై కాజా కొంటారు, నాకు తెలుసు. కోవా సంగతి అక్కడి కస్టమ్స్ వాళ్లతో వాదించేకన్నా సూళ్లూరుపేట దాటేలోపు తినేయండి.

రొయ్యల కారం బుధవారం మీ మామయ్యతో పంపుతా. సీసాలు బరువు, గాలి తీసి అతికించిన ప్యాకెట్లలో పోస్తాను. పెట్టె తూచి ఎంత మిగిలిందో ఫోన్ చెయ్యి, ఒరుగులు అంతకే కడతాను.

మీ అత్త