చిన్నా, ఎడమ చేతి వేళ్లు క్లచ్ మీదే ఉండాలి

ఒరేయ్ చిన్నా,

నువ్వు యమహా వాళ్ల మట్టి రేసుల బండి వైజెడ్ 125 తెప్పించుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పడం అంటే అరిచిందనుకో. "అంతా నీ వల్లే, చిన్నప్పుడు వాణ్ణి షెడ్డులో కూర్చోబెట్టి ప్లగ్గులు తుడిపించావు" అని నా మీద పడింది. తిట్లు తింటూ లోపల నవ్వుకున్నాను. నీ ఈడు వాళ్లంతా బుల్లెట్లు కొని సైలెన్సర్లు మార్పించుకుని ట్యాంక్‌బండ్ మీద చప్పుడు చేసుకుంటూ తిరుగుతుంటే, నువ్వు లైటు, హారన్, నంబర్ ప్లేటు ఏదీ లేని బండి, అదీ కిక్ కొట్టి లేపాల్సిన టూ స్ట్రోక్ కొన్నావు. ఎవరి పోలికో నాకు తెలుసులే, మీ అమ్మ దగ్గర అనకు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

చిన్న చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. బండిని రోడ్డెక్కించకు. రిజిస్ట్రేషన్ కాదు, ఇన్సూరెన్స్ రాదు, గల్లీ చివర కిరాణా కొట్టు దాకా కూడా వద్దు, టాటా ఏస్ మాట్లాడుకో. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టార్ట్ చేయకు, ఆ పొగ విషం, పైగా వాచ్‌మన్‌తో రోజూ గొడవ. అనంతగిరి అడవిలోకి తీసుకెళ్లకు, అది రిజర్వు ఫారెస్టు. మా రోజుల్లో నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి వైపు బండల మీద ఇష్టమొచ్చినట్టు తిరిగేవాళ్లం, అడిగేవాడు లేడు, ఒక మేకల కాపరి తప్ప. ఇప్పుడు ఆ బండలన్నీ పేల్చేసి అద్దాల బిల్డింగులు కట్టారు. నువ్వు మొయినాబాద్ వైపో శామీర్‌పేట వైపో ఎవరిదైనా ఖాళీ పొలం ఉంటే ఆసామిని అడిగి, ఒప్పుకుంటేనే దిగు. క్వారీ గుంతల దగ్గరికి పోకు. ఒక్కడివే అసలే పోకు.

బూట్లు, మోకాళ్ల గార్డులు, ఛాతీ గార్డు, మంచి హెల్మెట్. డబ్బులు బండికే అయిపోయాయని అంటావేమో, అయితే బండిని రెండు నెలలు కవర్ కప్పి పెట్టు. ఎడారుల్లో జరిగే డాకార్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ అంతటివాడే 2021లో అదే ర్యాలీలో పడితే, తలకు దెబ్బ తగిలి డాక్టర్లు కోమాలో ఉంచాల్సి వచ్చింది. కోలుకున్నాడు. ఆయన ఒంటి మీద అన్నీ ఉన్నాయి కాబట్టి కోలుకున్నాడని నేననుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ బండి లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌కి విడిగా ఆయిల్ ఉండదు, నీకు తెలుసు. గేర్ బాక్సులో పోసేది గేర్లకీ క్లచ్‌కీ మాత్రమే, పిస్టన్ దాకా ఒక్క చుక్క రాదు. పిస్టన్‌కి దొరికేదల్లా పెట్రోలులో నువ్వు కలిపిన ఆయిలే. పెట్రోలు పోతే ఆయిల్ పోయినట్టే. మా యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోకే అయినా దాంట్లో ఆయిల్‌కి వేరే ట్యాంకు, పంపు ఉండేవి, నీ దాంట్లో అవేవీ లేవు. ఈ మాట బుర్రలో పెట్టుకుని మీ నాన్న కథ విను. ఇది నీకెవరూ చెప్పి ఉండరు.

మీ అమ్మానాన్నల పెళ్లయిన కొత్తలో, శివరాత్రికి శ్రీశైలం పోదామన్నాడు బావ. మీ అమ్మ పుట్టింట్లో ఉంది, నేను వెనక కూర్చున్నా, ఒళ్లో కొబ్బరికాయల సంచి. బండి యెజ్డీ. దాన్ని కిక్ కొట్టాక అదే రాడ్డును ముందుకు తిప్పితే గేర్ రాడ్డు అయ్యేది, నువ్వు చూసి ఉండవు. మీ నాన్నకు ఆ బండంటే ప్రాణం, దాని పొగంటే మంట. క్రీమ్ కలర్ ప్యాంటు వేసేవాడు, వెనక మడమల దగ్గర నల్లగా జిడ్డు చుక్కలు పడేవి. కల్వకుర్తి బంకులో కుర్రాడు కొలత డబ్బాతో ఆయిల్ తీస్తుంటే "సగం చాలు" అన్నాడు. ఆయిల్ తగ్గిస్తే పొగ తగ్గుతుంది, నిజమే. ఆయిల్ పోశాక బండిని అటూ ఇటూ ఊపి కలపాలి కదా, అదీ ఊపనివ్వలేదు, ట్యాంకు మీద పెట్రోలు చింది పాలిష్ పోతుందట. నాకప్పటికే షెడ్డులో పని వచ్చు. అయినా కొత్త బావ, ఏమంటాం.

మన్ననూరు దాటాక అడవి, చల్లగాలి, పాటలు పాడుకుంటూ పోయాం. డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు మీ నాన్నకు పొదుపు గుర్తొచ్చింది. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. న్యూట్రల్ చేసి ఉంటే ఇంజన్‌కి ఏమీ అయ్యేది కాదు, బ్రేకులు కాలేవి అంతే. ఆయన సెకండ్ గేరులో ఉంచాడు, బండి తనంతట తానే నిదానిస్తుందని. ఎక్స్‌లేటర్ పూర్తిగా మూసి, గేరులో, ఆ మలుపులన్నీ. లోపల పిస్టన్ అంతే జోరుగా కొట్టుకుంటోంది, దానికి పెట్రోలు లేదు, అంటే ఆయిల్ లేదు, ఉన్న కాస్తా సగం కొలతది. మూడో మలుపో నాలుగో మలుపో, చప్పుడు మారింది. నున్నగా వస్తున్నది కాస్తా గరగరమంది, బండిని ఎవరో వెనక చొక్కా పట్టుకుని లాగినట్టు అనిపించింది, నేను "బావా" అనేలోపే వెనక చక్రం బిగుసుకుపోయింది. రోడ్డు మీద నల్ల గీత గీసుకుంటూ అడ్డం తిరిగి పడ్డాం. కొండ వైపు కాలవలో పడ్డాం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. లోయ వైపు పడి ఉంటే నువ్వూ లేవు, నీ వైజెడ్డూ లేదు.

నాకు సైలెన్సర్ తగిలి పిక్క కాలింది, మచ్చ చూశావు కదా. మీ నాన్నకు ఎడమ భుజం ఎముక విరిగింది. అటక మీది సామాను దింపమంటే ఇప్పటికీ ఆ చెయ్యి పైకెత్తడు, బద్ధకం అనుకున్నావేమో. మీ అమ్మకు మాత్రం గేదె అడ్డం వచ్చిందని చెప్పాం. అదే చెప్పు, నువ్వు కూడా.

బండిని లారీలో తెచ్చి నేనే విప్పాను. పిస్టన్ ఒంటి మీద నిలువు చారలు, గోరు పెడితే తగిలేంత లోతు. దాని అల్యూమినియం కరిగి సిలిండర్ లోపలి గోడకు, అదే బోరుకు, పూసుకుపోయింది, రింగులు గాడిలో ఇరుక్కుపోయాయి. ఆ పిస్టన్ చాలా ఏళ్లు షెడ్డులో మేకుకు వేలాడదీశాను. ఆయిల్ తక్కువ వెయ్యమని అడిగిన ప్రతివాడికీ అది తీసి చేతిలో పెట్టేవాణ్ణి.

అందుకని నేను చెప్పేది ఇది. దిగుడులో గేరులో ఉండి ఎక్స్‌లేటర్ మూసి ఊరికే జారిపోకు. మధ్య మధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేస్ ఇవ్వు, పిస్టన్‌కి ఆయిల్ అందుతుంది. ఎక్కడున్నా, ఎంత అలసిపోయినా, ఎడమ చేతివి ఒకటో రెండో వేళ్లు క్లచ్ లివర్ మీదే. చప్పుడు మొద్దుబారినా, బండి వెనక్కి లాగినట్టనిపించినా, ఆలోచించకుండా క్లచ్ నొక్కేయి. ఇంజన్ పోతే పోనీ, బోరు మళ్లీ చేయించొచ్చు. చక్రం తిరుగుతుంటే నువ్వు పడవు. ఇది నీకు అలవాటైందని చూస్తే గానీ నా టెన్షన్ తగ్గదు.

ఆయిల్ కొలత విషయంలో మీ నాన్న బుద్ధి చూపించకు. నీ బండికి కంపెనీ చెప్పింది 30కి 1, అంటే లీటరుకు 33 మిల్లీ, 5 లీటర్ల క్యాన్‌కి 165. మూతలతో, అంచనాలతో కొలవకు. మెడికల్ షాపులో 50 మిల్లీ సిరంజి దొరుకుతుంది, అంతకంటే కచ్చితమైన కొలత నా షెడ్డులో కూడా లేదు. బంకులో స్కూటర్లకు పోసే 2టి ఆయిల్ కాదు, ప్రీమిక్స్‌కి, అంటే పెట్రోలులో ముందే కలపడానికి పనికొచ్చే పూర్తి సింథటిక్ కొను. క్యాన్‌లో ముందు కొంచెం పెట్రోలు, తర్వాత ఆయిల్, తర్వాత మిగతా పెట్రోలు, మూత బిగించి బాగా ఊపు. కలిపిన తేదీ క్యాన్ మీద రాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమ లాగుతుంది, వానాకాలంలో మరీను. నిలవ పెట్టకు. బండి వారాల తరబడి కదలకపోతే కార్బురేటర్ గిన్నె ఖాళీ చెయ్యి.

జెట్ల గురించి, అంటే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల గురించి, నెట్‌లో చదివి అప్పుడే మార్చేయాలని చూస్తావు, నాకు తెలుసు. ఆగు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఎత్తులో ఉంది, ఏప్రిల్‌లో 40 డిగ్రీలు, గాలి పలచన, కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించాలని లెక్క చెబుతుంది. కానీ ఎథనాల్ ఉన్న పెట్రోలు దానికి ఎదురు పనిచేస్తుంది, మిశ్రమాన్ని పలచన చేస్తుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, దాన్నే లీన్ అంటారు. రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. కంపెనీ జెట్‌తోనే మొదలుపెట్టి ప్లగ్ చూడు. తడిగా నల్లగా ఉంటే బండి కాస్త దగ్గుతుంది, అంతే, కొంప మునగదు. తెల్లగా ఉంటే ఆపేయి. డిసెంబర్ పొద్దున చలిలో గాలి చిక్కబడుతుంది, వేసవిలో బాగా నడిచిన జెట్ అప్పుడు లీన్ అవుతుంది, జనం ఇంజన్లు పాడుచేసుకునేది ఎక్కువగా అప్పుడే. ఇంకొకటి, రేస్ వదిలాక కూడా ఇంజన్ అరుపు కిందికి దిగకుండా పైనే ఉంటే ఎక్కడో గాలి లీకవుతోంది. కార్బురేటర్ రబ్బరు క్లాంపుల దగ్గర మొదలుపెట్టి వెతుకు, దొరికేదాకా నడపకు.

ఎయిర్ ఫిల్టర్ కొత్తదే కదా అనుకోకు, ఒక్కోసారి ఆయిల్ సరిగా లేకుండానే వస్తుంది. ఫిల్టర్ ఆయిల్ చేత్తో పిసికి స్పాంజి అంతా ఒకే రంగు వచ్చేలా పట్టించి, అంచుకు పలచగా గ్రీజు రాసి కూర్చోబెట్టు. మన మొరం దుమ్ము మహా సన్నం, సందు దొరికితే సిలిండర్‌లోకే. తిరిగొచ్చిన ప్రతిసారీ ఫిల్టర్ కడుగు, పెట్రోలుతో కాదు, జిగురు ఊడిపోతుంది.

కొత్త ఇంజన్‌ని వేడెక్కించి, ఆపి, చేత్తో తాకితే చల్లగా ఉండేదాకా ఆగి, ఇలా రెండు మూడుసార్లు చేశాకే ఎక్కు. మొదటి రోజు ఫుల్ రేస్ వద్దు, ఒకే స్పీడులో అరగంట నడపడమూ వద్దు. ఆ రోజు అయ్యాక గేర్ ఆయిల్ మార్చు. స్పోకులు కొత్త బండికి తప్పకుండా లూజవుతాయి, పానాతో ఒక్కొక్కటీ తట్టి చూడు, టంగుమనాలి, డబ్ అన్నది బిగించాలి, అతిగా కాదు. వెనక స్ప్రాకెట్ బోల్టులు, కిక్ రాడ్డు బోల్టు చూసుకో. పోతే రాణీగంజ్‌లో దొరుకుతాయి గానీ ఏదో ఒకటి తెచ్చి బిగించకు, గట్టి గ్రేడు అడుగు.

బ్రేకు, క్లచ్ లివర్లు హాండిల్‌కి మరీ బిగించొద్దు. చేత్తో గట్టిగా తోస్తే తిరిగేంత ఉండాలి, పడ్డప్పుడు తిరుగుతాయి, లేదంటే విరుగుతాయి. పడతావు, అందులో అనుమానం లేదు.

వెనక షాక్ అబ్జార్బర్ సెట్ చేయడం ఒక్కడి వల్ల కాదు. నువ్వు బూట్లతో సహా కూర్చుంటే వెనక భాగం 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల దిగాలి. ఒకడు బండి పట్టుకోవాలి, ఒకడు టేపు పెట్టాలి. పోయినసారి చూసినప్పుడు నీ పొట్ట చూస్తే స్ప్రింగే మార్చాల్సి వచ్చేలా ఉంది, రాత్రి బిర్యానీలు తగ్గించు. ఆ పని నేనొచ్చి చేస్తా. స్టీరింగ్ బేరింగులు, వెనక లింకేజీ విప్పి గ్రీజు పెట్టడం కూడా, ఫ్యాక్టరీలో పెట్టేది కంటికి కాటుకంత. ఆదివారం పొద్దున్నే వస్తా, గ్రీజు, పానాల సెట్టు నేనే తెస్తా, నువ్వు టేపు, సిరంజి తెచ్చి ఉంచు. అప్పటిదాకా కిక్ కొట్టకు. మీ నాన్నను బండి పట్టుకోవడానికి పిలుద్దాం, కుడి చేత్తో పట్టుకుంటాడు. మీ అమ్మకు నేను ఉప్మా తిననని చెప్పు, పెసరట్టు అయితే సరే.

మీ మామయ్య