పాత టీవీ పారెయ్యకు, అల్లుడా

హన్మకొండ

అల్లుడా,

ఫోన్‌లో అడిగావు గదా, పరకాల ఇంట్లో మూలకు పడున్న 21 ఇంచుల టీవీ, నీ చదువప్పటి మానిటర్ ఇంకా పనికొస్తాయా అని. రెండూ పనికొస్తాయి. అయితే జేబులోంచి డబ్బు తీసే ముందు వాటిని గోడ దగ్గర నుంచి జరిపి, వెనక టార్చి కొట్టి ఫోటో పంపు. ఏం కొనాలో అక్కడున్న సాకెట్లే చెప్తాయి.

డాబా మీది యాంటెనాను మరిచిపో. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నీ ఆపేసింది. బీరతీగ పాకించుకోమని మీ అమ్మకు చెప్పు. ఇప్పుడు సిగ్నల్ పట్టేదంతా సెట్‌టాప్ బాక్సే, టీవీ ఒట్టి తెర.

మీ బాపమ్మ ఏం చూస్తుందో కనుక్కో. యాదగిరి చానల్, వార్తలు చాలంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సేవ, డీడీ ఫ్రీ డిష్ పెట్టు. డిష్, బాక్స్ ఒకసారి కొంటే మళ్లీ నెలనెలా కట్టేదేం లేదు. సీరియల్ చూడనిదే అన్నం ముట్టదంటే మాత్రం, ఆ చానల్ ఫ్రీ డిష్‌లో వస్తుందో లేదో ముందు ఎవరింట్లోనైనా చూడు. రాకపోతే కేబులే పెట్టించు. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మీ ఇంట్లో లేరు.

టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు ఉంటే సగం పని అయిపోయినట్టే. బాక్సుకు ఒక్కటే సన్న పిన్ను, ఇటు మూడు రంగుల పిన్నులు ఉండే వైరు వస్తుంది. రంగుకు రంగు పెట్టినా బొమ్మ రాకుండా గుర్రుమని చప్పుడు వచ్చిందనుకో, బాక్స్ పోయిందని టెన్షన్ పడకు. కొన్ని వైర్లలో బొమ్మ ఎరుపు పిన్నులో వస్తుంది. దాన్ని తీసి పసుపు సాకెట్లో పెట్టి చూడు. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే బాక్స్ సెట్టింగ్‌లో ‘PAL’ (పాల్) అనే కలర్ పద్ధతి పెట్టు. మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తే తెర ఆకారం 4:3 పెట్టు. యాంటెనా సాకెట్ ఒక్కటే ఉన్న టీవీ అయితే మధ్యలో ఆర్ఎఫ్ మాడ్యులేటర్, అంటే బాక్స్ బొమ్మను యాంటెనా సాకెట్‌కు పట్టేలా మార్చే చిన్న డబ్బా, కావాలి.

మానిటర్ దగ్గర నేనే మోసపోయాను. బాక్సుది హెచ్‌డీఎంఐ సాకెట్, మానిటర్‌ది పాతకాలపు 15 పిన్నుల వీజీఏ సాకెట్. వరంగల్‌లో ఒక షాపులో కన్వర్టర్ అడిగితే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది చేతిలో పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ తిప్పి పెడితే పనిచేయవు. దానికోసం రెండుసార్లు బస్సెక్కాను. నువ్వు ‘బాక్స్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు వీజీఏ, ఆడియో రంధ్రం కూడా ఉండాలి’ అని విడమరిచి అడుగు. వీజీఏలో శబ్దం రాదు గనక ఆ రంధ్రానికి స్పీకర్లు తగిలించాలి. తెర మీద ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే, బాక్స్‌ను ముందు మామూలు టీవీకి పెట్టి, సెట్టింగ్‌లో బొమ్మ సైజు (రిజల్యూషన్) 720పీకి మార్చి తీసుకురా. కొన్ని పాత మానిటర్లు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు బొమ్మ మారడం) తీసుకోవు, 60 కూడా పెట్టి చూడు.

ఫ్రీ డిష్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. అది 93.5 డిగ్రీల తూర్పున ఉంది కాబట్టి మనకు ఆగ్నేయం మూల, బాగా ఎత్తులో ఉంటుంది. ఆ దిక్కున మీ వేపకొమ్మ అడ్డం రాకుండా చూడు. బాక్సు సిగ్నల్ మెనూ తెరిస్తే తెర మీద లెవెల్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. లెవెల్ గీత చూసి సంబరపడకు, డిష్ ఎటు తిరిగి ఉన్నా అది లేస్తుంది. క్వాలిటీ గీత లేవాలి. డిష్‌ను వెంట్రుకవాసి కదిపి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ కదుపు. తొందరపడితే ఆ చోటు దాటిపోతావు.

డిష్ నుంచి వచ్చే కేబుల్ చివర కనెక్టర్ ఎక్కించేటప్పుడు, పైన చుట్టి ఉండే జాలీ తీగ ఒక్క పోగు కూడా నడుమ రాగి తీగకు తగలొద్దు. తగిలితే షార్టే. బిగించేటప్పుడు బాక్స్ కరెంటు తీసేసి ఉండాలి.

ఇంకొక్కటి. ఆ పాత టీవీ వెనక మూత మాత్రం విప్పకు. పిక్చర్ ట్యూబుకు వెళ్లేది 20 వేల వోల్ట్‌లకు పైమాటే, స్విచ్ తీసేసినా కొంత చార్జి లోపలే దాక్కుంటుంది. దుమ్ము దులపాలన్న ఉబలాటం ఉంటే బయటి నుంచే దులుపు.

ఫోటోలు రేపు పొద్దున పంపు. ఆదివారం వస్తాను, నిచ్చెన మాత్రం పక్కింట్లో అడిగి పెట్టు. మీది మూడో మెట్టు దగ్గర ఊగుతుంది.

మీ మామ