పిల్లల చేతికి గాజు అద్దం మాత్రం ఇవ్వకమ్మా

చిరంజీవి స్వాతికి,

సెలవుల్లో అపార్ట్‌మెంట్ పిల్లలకి కెలిడోస్కోప్, అదే, గొట్టంలో అద్దాలు పెట్టి రంగుల ముగ్గులు చూసే బొమ్మ, తయారీ నేర్పిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్ మొదలైంది. పూర్ణా మార్కెట్ దగ్గర ఫొటో ఫ్రేముల కొట్లో ఇన్నేళ్లూ అద్దాలు కోసినవాణ్ణి, నా భయం నాది.

అట్టగొట్టం, టేపు సంగతి నీకు చెప్పక్కర్లేదు. కోణం దగ్గర మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. మూడద్దాలూ ఒకే వెడల్పుంటే మూల మూలకీ 60 డిగ్రీలొచ్చి, డిజైను చూపు ఆనినంత మేరా పరుచుకుంటుంది. రెండే అద్దాలైతే 45 పెట్టు, ఎనిమిది భాగాల ముగ్గు పడుతుంది. 50 పెట్టావో, ముగ్గు ఒక పక్క తెగిపోతుంది. బ్రూస్టర్ అనే స్కాట్లండ్ ఆయన 1817లో దీనికి పేటెంట్ తీసుకున్నా జనం ఆగలేదు, ఎవరికి వాళ్లు చేసేసుకున్నారు. అంత తేలిక మరి.

తేలికనుకునే మీ నాన్న దెబ్బతిన్నాడు. ఏడో క్లాసులో కొట్లోంచి అద్దం ముక్కలు పట్టుకుపోయి, మీ నాయనమ్మ పగిలిన గాజులు వేసి ఒకటి చేశాడు. గాజుపెంకులకీ కంటికీ మధ్య గట్టి బిళ్ల ఉండాలా? వీడు ప్లాస్టిక్ కవరు ముక్క జిగురుతో అంటించాడు. మన వైజాగ్ ఉక్కకి ఆ జిగురు ఆగుతుందా! బీచ్ రోడ్డులో తలెత్తి ఆకాశంకేసి చూస్తుంటే కవరు ఊడి, పెంకులు అద్దాల మధ్యనుంచి జారి సరాసరి కంట్లో పడ్డాయి. నలుపుకోకుండా రిక్షాలో వాడి చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. చూపు దక్కింది. ఎడమ రెప్ప మీద గీత చూశావుగా? క్రికెట్ బంతి తగిలిందని చెప్పి ఉంటాడు నీకు!

అందుకే గాజు వద్దు. అక్రిలిక్ అద్దం షీటు వాడు. దాని మీది పల్చటి ఫిల్మ్ ఒలవడం పిల్లలు మర్చిపోతారు, తర్వాత మసకగా ఉందని గోల. ఏటికొప్పాక లక్క పూసలు ముచ్చటగా ఉంటాయి గానీ వెలుతురు దూరదు, నల్లగా కనిపిస్తాయి. రంగు ప్లాస్టిక్ పూసలే వాడు, పూసలుండే అర సగానికి మించి నింపొద్దు, దొర్లడానికి చోటుండాలి. ఎవరైనా సూర్యుడికేసి తిప్పితే గొట్టం లాక్కో. ట్యూబ్‌లైట్ చాలు.

నీమీద నమ్మకం లేక కాదమ్మా. కొట్లో రెండద్దాల మధ్య నిలబడి ఎంతమంది స్వాతులో లెక్కపెట్టేదానివి, ఒకళ్లు ఎక్కువొస్తే నాతో పోట్లాడేదానివి.

కోత నువ్వు పెట్టుకోకు. షీటు ఆదివారం ఇక్కడికి తెచ్చెయ్యి, మనిషికి మూడేసి చొప్పున కోసిస్తాను. పిల్లలెందరో సరిగ్గా చెప్పు. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు.

ఆశీస్సులతో,
పెదనాన్న