మాక్యులా (కంటి లోపల నడిమి చూపునిచ్చే భాగం) దెబ్బతిన్న మా నాన్న పేపర్ చదవడానికి ఫోన్ చాలా, వీడియో మాగ్నిఫైయర్ (కెమెరాతో అక్షరాలను తెర మీద పెద్దవి చేసి చూపే మెషిన్) కొనాలా? అమ్మకేమో గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు).

కొనేముందు చేతిలో ఉన్న ఫోన్‌నే కొన్నాళ్లు వాడి చూడండి. మా నాయనకూ మాక్యులా సమస్యే. ఎమ్మిగనూరులో ఉంటాడు, పేపర్‌లో ఆదోని మార్కెట్ యార్డు ధరలు చూడందే ఆయనకు పొద్దు గడవదు.

పెద్దది చేస్తే చాలని అందరూ అంటారు. అది సగమే నిజం. న్యూస్‌పేపర్ కాగితం బూడిద రంగు, అచ్చు కూడా చిక్కటి నలుపేం కాదు. ఆ తేడా పెంచకుండా జూమ్ చేస్తే మసకే పెద్దదవుతుంది. అందుకే ముందు కాంట్రాస్ట్ పెంచాలి. నల్లటి తెర మీద తెల్ల లేదా పసుపు అక్షరాలు చాలామందికి హాయిగా ఉంటాయి, కంట్లోకి కొట్టే వెలుతురు తగ్గుతుంది. ఐఫోన్ మాగ్నిఫైయర్ యాప్‌లో ఈ ఫిల్టర్లు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో అయితే పేజీ ఫోటో తీసి, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో కలర్ ఇన్వర్షన్ (రంగులను తిరగేసేది) ఆన్ చేయండి.

స్కానర్ యాప్‌ల బ్లాక్ అండ్ వైట్ మోడ్ మాత్రం నాకు నచ్చలేదు. అది ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేస్తుంది. దాంతో మన తలకట్లు, ఒత్తులు, ‘ష’ లోపలి సన్న గీత ఎగిరిపోతాయి. ‘ప’, ‘ష’ ఒకేలా కనబడితే పెద్దాయన ఏం చదువుతాడు? గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలు పోకుండా) ఉంచి కాంట్రాస్ట్ పెంచుకోవడమే మేలు. పేజీ మీద నీడ పడకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది.

పెద్ద వార్తలకు ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చేది) బాగుంటుంది. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌లోని ఫోటోను డాక్స్‌తో తెరిస్తే తెలుగు కూడా టెక్స్ట్‌గా వస్తుంది. ఫాంట్ ఎంత పెంచినా లైన్లు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, పక్కకు జరుపుకుంటూ పోయే బాధ ఉండదు. ధరల పట్టికకు మాత్రం వద్దు. వరుసలు కలగాపులగమై బుడ్డల (వేరుశనగ) ధర పత్తి పక్కన చేరిందంటే ఇంట్లో గొడవే! మందుల షీట్లను కూడా ఫోటోగానే పెద్దది చేసి చూడాలి. ఫ్లాష్ ఆపి రేకును కొంచెం వంచితే మెరుపు పోతుంది.

మీ అమ్మగారికి గ్లకోమా అన్నారు కదా, ఆమెకు ఇవే సెట్టింగ్స్ పెట్టకండి. అందులో ముందు పోయేది పక్కచూపు. మరీ పెద్దది చేస్తే ఒకటి రెండు అక్షరాలే కనబడి మాట అందదు. ఎవరికి ఎన్ని రెట్లు కావాలో లో విజన్ (చూపు బాగా తగ్గినవాళ్ల) క్లినిక్‌లో కొలిచి చెబుతారు, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకు విభాగం ఉంది. ఎలాంటి మెషిన్ పనికొస్తుందో అక్కడ అడిగి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి.