శ్రోతలను లెక్కపెట్టబోయే అమ్మాయికి

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడలో రేడియో స్టేషన్ల మధ్య ఉమ్మడి శ్రోతలు ఎంతమందో తేల్చే సర్వే నువ్వు ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వపడ్డానో అంత కంగారుపడ్డాను. నువ్వు ఇచ్చే అంకెను నమ్మి ఎవరో ఒక దుకాణదారు డబ్బు పెడతాడు.

ప్రశ్నలు తెలుగులో ఉండాలనీ, వయసూ పేటా పనీ రాసుకోవాలనీ నీకు చెప్పనక్కర్లేదు.

నేను ఈ పనిలో ఉన్న రోజుల్లో ఒక సంస్థవారు ఆటోనగర్‌లో సర్వే చేశారు. కాగితంలో "మీరు ఏ రేడియో వింటారు?" అన్న ప్రశ్నకు ఒకే గడి ఉంది. షెడ్డులో ఒక మెకానిక్ గుడ్డతో చేతి గ్రీజు తుడుచుకుంటూ, పొద్దున ఆకాశవాణి వార్తలు వింటాననీ, పని మొదలయ్యాక రేడియో మిర్చి పెడతాననీ నిదానంగా చెబుతున్నాడు. అడిగిన కుర్రాడు మొదటి పేరు దగ్గర టిక్కు పెట్టి పక్క షెడ్డుకు వెళ్లిపోయాడు. ఊరంతా అలాగే రాశారు. చివరికి రెండు స్టేషన్ల శ్రోతలూ పూర్తిగా వేరని నివేదిక వచ్చింది. దాన్ని నమ్మి ఒక బట్టల వ్యాపారి రెండింటిలోనూ ప్రకటనలు ఇచ్చి, చాలావరకు అవే చెవులకు రెండుసార్లు డబ్బు కట్టాడు. ఉమ్మడి శ్రోతలు ఊళ్లో లేక కాదు, కాగితంలో వారికి చోటు లేక మాయమయ్యారు. ఆ పెద్దమనిషి ముఖం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకని ఒక్కొక్క స్టేషన్ పేరూ విడిగా చదివి, నిన్న విన్నారా, ఏ వేళలో, రేడియో పెట్టింది ఎవరు అని అడుగు. హోటల్లో మోగుతున్నదాన్ని టిఫిన్ తింటూ విన్నవాడు ఆ స్టేషన్‌ను ఎంచుకున్నట్టు కాదు. మీ నానమ్మ పొద్దున వార్తలూ మధ్యాహ్నం వివిధభారతీ వినేది; సాయంత్రం మాత్రం మీ నాన్న ముల్లు ఎక్కడ తిప్పితే అదే ఆవిడకూ గతి.

లెక్క దగ్గర తొందరపడకు. వందమందిలో నలభైమంది ఒకటి, ముప్పైమంది మరొకటి వింటారనుకో. రెండింటికీ ఏ సంబంధమూ లేకపోయినా, ఆ నలభైమందిలోనూ వందకు ముప్పై చొప్పున పన్నెండుమంది రెండూ వినేవారు తేలతారు. ఆ పన్నెండుకు పైనా కిందా ఉన్నదే నువ్వు చెప్పవలసిన సంగతి. పెద్ద స్టేషన్‌కు శ్రోతలు ఎక్కువ కనుక అది అన్ని స్టేషన్లతోనూ శ్రోతలను పంచుకున్నట్టే కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1960లలో గుడ్‌హార్ట్, ఎరెన్‌బర్గ్ అనే పరిశోధకులు టీవీ ప్రేక్షకుల విషయంలో చూపించినదీ ఇదే. రేడియో అసలు ముట్టనివారిని వందలో కలిపితే, ఊరికే తేలవలసిన ఆ పన్నెండులాంటి అంకె తగ్గిపోయి, దానితో పోలిస్తే ఉమ్మడి లేనిపోనిదిగా ఉబ్బినట్టు కనిపిస్తుంది. 1948 డిసెంబరు 1న మొదలైన మన విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద దూరపు పల్లెలకూ అందుతుంది. అక్కడికి ఎఫ్‌ఎం రాకపోవచ్చు. ఆ పల్లెలను కలిపితే ఉమ్మడి తగ్గినట్టు కనిపిస్తుంది. రెండూ అందే చోటే లెక్కకట్టు.

విజయవాడ ఎండ సంగతి నీకు తెలుసు. పోయినసారిలాగా భోజనం మానేసి తిరిగావంటే ఊరుకోను. మజ్జిగ సీసా సంచిలో పెట్టుకో. మొదటి ఇరవై కాగితాలు నిండగానే బస్సెక్కి ఇక్కడికి రా. ముందుకు సాగేలోపు ప్రశ్నలు మార్చాలో వద్దో కూర్చుని చూద్దాం.

పెదనాన్న