గట్టి తాళం వేస్తే చాలా? మా బావ డీజిల్ బండి సంగతి

ఉద్గారాల నిబంధనలు ఇంకా బిగిస్తే కార్ల కంపెనీలు ఎలా సిద్ధపడాలి, ఎవరూ కెలక్కుండా ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, గట్టి తాళం వేస్తే సరిపోదా అని అడిగారు. చెన్నైలో తొమ్మిదేళ్లు ఇంజిన్ క్యాలిబ్రేషన్, అంటే ఆ కంప్యూటర్లో లెక్కలు సరిచేసే పని చేశాను, ఆ తాళాలు వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. సరిపోదు. అది నాకు అర్థమైంది మాత్రం శ్రీకాకుళంలో, ఒక వెల్డింగ్ షెడ్డు పుణ్యమా అని.

మా బావది 2021లో కొన్న బీఎస్6 (మన దేశపు ఉద్గారాల ప్రమాణం) డీజిల్ కారు. రోజూ ఏడురోడ్ల జంక్షన్ నుంచి అరసవిల్లి, మళ్లీ వెనక్కి, మధ్యలో పిల్లల స్కూలు. ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. డీజిల్ బండి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని తేనెపట్టులాంటి పింగాణీ ఫిల్టర్ ఉంటుంది, మసి అందులో ఆగుతుంది. అది నిండొచ్చాక ఇంజినే కాస్త డీజిల్ ఎక్కువ పోసి, 600 డిగ్రీల దాకా వేడి పుట్టించి ఆ మసిని కాల్చేస్తుంది. దానికి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పరుగు కావాలి. ఆదివారం పూట అరసవిల్లి రోడ్డులో అది జరిగే పనేనా?

మొదటిసారి డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. హైవే ఎక్కి, నాలుగో గేరులో, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా ఎచ్చెర్ల మీదుగా రణస్థలం వైపు పోనిచ్చాను. దారిలోనే లైటు ఆరిపోయింది. బావ నవ్వాడు: "ఏటిరా, లైటు ఆర్పడానికి రణస్థలం దాకా ఎల్లాలేటి?"

రెండోసారి నేను లేను. సర్వీసు సెంటర్లో ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుంది అన్నారట. షెడ్డువాడు పద్దెనిమిది వేలకి పని కానిచ్చేశాడు. డబ్బా కోసి, పింగాణీని సుత్తితో పగలగొట్టి, గుల్ల డబ్బాని మళ్లీ అతికించి, పైన వెండిరంగు కొట్టాడు. బండి కింద దూరి చూసినా పోల్చలేం. ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసే సెన్సార్ ఊరుకోదు కదా, అందుకని ల్యాప్‌టాప్ తగిలించి ఆ తనిఖీనే ఆపేశాడు. మాలాంటివాళ్లు నెలల తరబడి కూర్చుని సరిచూసే తనిఖీ అది! తర్వాత నేను పొగగొట్టంలో వేలు పెట్టి చూస్తే కాటుకలా అంటింది. డీపీఎఫ్ బాగున్న బండికి అలా అంటదు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం బండిని ఇలా మార్పించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర డీజిల్ బండికి చూసేది పొగ ఎంత నల్లగా ఉందనే. బావ బండి పాసైపోయింది.

తాళం వద్దనను. కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఈసీయూ లోపలికి రానివ్వకూడదు. యూరప్‌వాళ్లు 2024లో చేసిన యూరో 7 ఉద్గారాల చట్టంలో ట్యాంపరింగ్ (ఇలా కెలకడం) నిరోధం కూడా చేర్చారు, కొత్త మోడల్ కార్లకి 2026 నవంబరు 29 నుంచి అమలు. మనకి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చినప్పుడే డీజిల్ కారు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకి 0.25 గ్రాముల నుంచి 0.08కి దిగింది. 2023 నుంచి కంపెనీల మోడళ్లకి రోడ్డు మీద నడిపి చూసే పరీక్ష కూడా పెట్టారు. ఆ పరీక్షలో ఊరు, పల్లె రోడ్డు, హైవే మూడూ ఉంటాయి. మా బావ బతుకంతా మొదటి ముక్కలోనే గడిచిపోతుంది. నేను చెన్నైలో ఉన్నన్నాళ్లూ అలాంటి బండి గురించి ఎవరం గట్టిగా ఆలోచించలేదు, నాతో సహా.

కంపెనీలు ముందు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలంటాను. అర్థంకాని బొమ్మ లైటు బదులు "ఇరవై నిమిషాలు హైవే మీద నడపండి" అని తెలుగులో తెర మీద చూపించండి, అదీ మసి సగం నిండినప్పుడే. సర్వీసు సెంటర్లో మసి కాల్చే పనికి తక్కువ తీసుకోండి, ఫిల్టర్‌కి వారంటీ పెంచండి. రోజుకి ఐదు కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ అంటగట్టొద్దని షోరూంవాళ్లకి చెప్పండి. ఈ చివరిది మాత్రం జరుగుతుందని నాకు నమ్మకం లేదు.

బావ ఈ మధ్య ఆ బండి అమ్మేసి పెట్రోలుది కొన్నాడు. కొన్నవాడికి గుల్ల డబ్బా సంగతి చెప్పాడో లేదో నేనడగలేదు.